బైబిల్ అరలో ఎర్ర గోలీలు

మూడేళ్ల క్రితం ఆరో నెల కడుపుతో కారేపల్లిలో, అత్తగారింట్లో ఉన్నాను. ఒంట్లో రక్తం తక్కువగా ఉందనీ, ఇలాగే ఉంటే ఖమ్మం తీసుకెళ్లి ఎక్కించాల్సి వస్తుందనీ డాక్టరమ్మ భయపెట్టింది.

రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక అత్తమ్మ ఒక ఐరన్ గోలీ చేతిలో పెట్టేది. మింగితే కడుపులో ఒకటే తిప్పుడు. అందుకని నోట్లో వేసుకున్నట్టు నటించి, గ్లాసెడు నీళ్లు గటగటా తాగి, గోలీని నా బైబిల్ కవరు పక్క అరలో దాచేదాన్ని. పెరట్లో పారేస్తే కోళ్ల వెంట తిరిగే అత్తమ్మ కంటపడుతుంది. నా బైబిల్‌ని మాత్రం ఎవరూ ముట్టరు.

నెల తర్వాత చూస్తే రక్తం ఇంకా తగ్గింది. అత్తమ్మ బెంగపడి ఇంట్లో ప్రార్థన కూటం పెట్టించింది.

"అయ్యగారూ, కోడలు గోలీలు మింగుతనే ఉంది. రక్తం ఎక్కుతలేదు. జర ప్రార్థన చేయుండ్రి" అంటూ కళ్లు తుడుచుకుంది. నాకు ప్రాణం చివుక్కుమంది. అంతలో పాస్టరుగారు నన్నే కీర్తన చదవమన్నారు. కంగారులో పక్క అర జిప్పు లాగేశాను. ఎర్ర గోలీలు జలజలా రాలి, చాపల మీద కూర్చున్నవాళ్ల మోకాళ్ల దాకా దొర్లాయి!

పాస్టరమ్మ ఒకటి తీసి చూసింది. "బిడ్డా, దేవుడు మీ అత్తమ్మ మొర ఎప్పుడో విన్నడు, గోలీలు పంపిండు. మింగుడే నీ పని" అంది. అత్తమ్మ తప్ప అందరూ నవ్వారు.

ఆస్పత్రిలో కడుపు తిప్పుతోందని చెబితే అక్కడి నర్సమ్మ పడుకోబోయే ముందు నిమ్మరసంతో వేసుకోమంది. ఆ ఒక్క మాట ముందే అడగాల్సింది. రక్తం ఎక్కించకుండానే పాప పుట్టింది.

ఇప్పటికీ కూటంలో నేను బైబిల్ తెరిస్తే, అందరూ వాక్యం కోసం వెతుక్కుంటారు. అత్తమ్మ చాప కింద వెతుకుతుంది.