వీర్రాజు టాక్సీ అద్దానికి మస్కట్ మందు

2004 జూన్‌లో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా నాకు అమలాపురం పోస్టింగు ఇచ్చారు. మా హోదా కాగితాల మీద ఏదైనా, జనం నోట మేం బ్రేకు ఇన్‌స్పెక్టర్లమే. పైన ఆర్టీవో గారు, కింద అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్లు, మధ్యలో మేము. అద్దెకు తిరిగే ప్రతి బండినీ ఏటా పరీక్షించి, రోడ్డెక్కడానికి పనికొస్తుందని ధ్రువపత్రం ఇవ్వడం మా పనుల్లో ముఖ్యమైనది. దాన్నే అందరూ ఎఫ్‌సీ అంటారు. బండి తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. లోపం సరిచేయించుకుని మళ్ళీ తెచ్చుకోవడం యజమాని బాధ్యత.

నేను చేరిన కొద్ది రోజులకే అల్లవరం నుంచి వీర్రాజు తన అంబాసిడర్ టాక్సీని ఎఫ్‌సీకి తెచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి. మాట మెత్తన. పాతబండే అయినా పెయింటు మీద చెయ్యి వేస్తే వేలిముద్ర పడుతుందేమో అన్నంత శుభ్రంగా ఉంచుకున్నాడు. లైట్లు, బ్రేకులు, స్టీరింగు అన్నీ బాగున్నాయి. చివర్న నేనే నడిపి చూద్దామని ఎక్కాను. ముసురు పట్టి ఉంది. వైపర్ వేయగానే బ్లేడు అద్దం మీద జారకుండా గడగడమని ఎగిరింది. అది వెళ్ళిన చోటల్లా పాలచారలాంటి మసక కమ్మి, అది విడేలోపు బ్లేడు మళ్ళీ వచ్చేస్తోంది. మిగతా అద్దం నిండా చేమాకు మీద నీళ్ళలా బొట్లు నిలబడ్డాయి. ఎదురుగా సైకిలు మీద వస్తున్న మనిషి బాగా దగ్గరికొచ్చేదాకా నాకు ఆనలేదు.

బండి ఆపి అద్దానికి ఏం రాశావని అడిగాను.

"మా బామ్మర్ది మస్కట్ నుంచి పంపేడండి. నీళ్ళు నిలబడకుండా జారిపోయే మందండి," అన్నాడు వీర్రాజు.

మందు మంచిదే. కానీ గంటకు అరవై కిలోమీటర్లు దాటితేగాని గాలి ఆ బొట్లను పైకి నెట్టదు. మన కాలవగట్టు రోడ్ల మీద ఆ వేగం ఎవరికీ రాదు, రాకూడదు కూడా. పైగా వైపర్ తిరిగిన మేర పూత సగం అరిగి, సగం మిగిలింది. మసకకు కారణం అదే. ఎఫ్‌సీ తిరస్కరించి, డ్రైవరుకు ముందు రోడ్డు సరిగా కనిపించడం లేదని రాసిచ్చాను.

వీర్రాజు కాగితం తీసుకుని తన ఇబ్బంది చెప్పుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారిని డయాలిసిస్ కోసం కాకినాడ తీసుకెళ్ళేది అతనేనట. ఆయన వేరే బండి ఎక్కరట; సీటు వెనక్కి వాల్చడం, దారిలో ఎక్కడ ఆపాలి, దింపేటప్పుడు ఏ చెయ్యి పట్టుకోవాలి, అన్నీ వీర్రాజుకే తెలుసు. పాత ఎఫ్‌సీ గడువు ఆ వారంతోనే సరి. ఇదంతా చెప్పి, మెల్లగా అసలు కష్టం బయటపెట్టాడు. మందు తీసేస్తే ఇంట్లో ఆవిడ మంగ బాధపడుతుందట. తమ్ముడు అంత దూరం నుంచి పంపినది కదా. వాడు సెలవు మీద వచ్చి ఇంట్లోనే ఉన్నాడు కూడా. మెకానిక్ ఎవరో గరుకు కాగితంతో రుద్దేస్తే ఓ పూటలో పోతుందన్నాడని, ఆ సంగతీ అడిగాడు.

ఆ మాటకు నేను గట్టిగా అడ్డుపడ్డాను. గరుకు కాగితం, బ్లేడు, ఇనప పీచు, యాసిడ్, వీటిలో ఏది తగిలినా అద్దం గీతలుపడి అసలుకే పనికిరాకుండా పోతుంది. ఎదుటి బండి వెలుతురు పడితే ఆ గీతలన్నీ కళ్ళలోకి మెరుస్తాయి. సర్వీసులోకి రాకముందు నేను కాకినాడలో ఒక కార్ల వర్క్‌షాపులో అద్దాల పని చూసేవాణ్ణి. పద్ధతి నాకు తెలుసు. కానీ పరీక్షించే అధికారే రిపేరులో చెయ్యి పెట్టడం సబబు కాదు. ఆర్టీవో గారి దగ్గరకెళ్ళి ఉన్న విషయం చెప్పాను. సెలవు రోజున వెళ్ళి చూపించి రావడానికి ఆయన ఒప్పుకున్నారు. అయితే తిరిగి పరీక్ష మాత్రం నేను చేయకూడదు, నా సహోద్యోగి చేయాలి అన్నారు. అది న్యాయమే.

ఆదివారం పొద్దున్న అల్లవరం వెళ్ళాను. కళ్ళజోళ్ళ అద్దాలకు మెరుగు పెట్టేవాళ్ళు వాడే సీరియం పొడి అమలాపురంలో కొని పట్టుకెళ్ళాను. మంగ కాఫీ ఇచ్చి మర్యాదగానే మాట్లాడింది, కానీ ముఖంలో నవ్వు లేదు. బావమరిది శ్రీను ముప్ఫయ్యేళ్ళవాడు. మస్కట్‌లో ఓ కంపెనీ కారు నడుపుతాడు. అక్కడ అందరూ ఇదే వాడతారని, ఇక్కడ మాత్రం ఎందుకు పనికిరాదని నన్ను నిలదీశాడు. గొంతులో కోపం కన్నా చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ. బావంటే వాడికి ప్రాణమని ఆ బండి చుట్టూ వాడు తిరిగే తీరులోనే తెలిసింది. సెలవుకొచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసే దాన్ని కడుగుతారట.

నేను వాదించలేదు. చినుకులు మొదలయ్యాయి. బండి నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటానని శ్రీనుతో అన్నాను. వీర్రాజు వెనక ఎక్కాడు. ఊరు దాటి కాలవగట్టు ఎక్కేసరికి వాన పెరిగింది. శ్రీను వైపర్ వేశాడు, అద్దం దగ్గరికి ముఖం చాపాడు, వేగం తగ్గించాడు. మలుపులో ఒకావిడ గడ్డిమోపుతో గట్టెక్కి రోడ్డు మీదకి వచ్చింది. శ్రీను చూసేసరికి చాలా దగ్గరైపోయింది. బ్రేకు బలంగా తొక్కాడు. బండి ఆగింది. ఆవిడ మావైపు ఓ చూపు చూసి మోపు సర్దుకుని వెళ్ళిపోయింది.

శ్రీను ఇంజను ఆపాడు. వెనక్కి తిరిగి, "బావా, ఈ అద్దంతోనా ఇన్నాళ్ళూ మాస్టారిని తీసుకెళ్తున్నావు? నాకు చెప్పొచ్చు కదా," అన్నాడు.

"నువ్వు ముచ్చటపడి పంపేవు కదరా. ఎలా చెప్పను?" అన్నాడు వీర్రాజు.

ఇంటికి రాగానే శ్రీను చొక్కా విప్పి, ఎలా చేయాలో చెప్పండి సార్, నేనే తీస్తానన్నాడు.

బండిని షెడ్డు కింద పెట్టించాను. ఎండొచ్చి అద్దం వేడెక్కితే రుద్దే పొడి ఎండిపోయి మరకలు కడుతుంది. ముందు షాంపూ నీళ్ళతో కడిగించాను; ఇసక రేణువు ఒక్కటి మిగిలినా రుద్దేటప్పుడు అదే గీస్తుంది. చుట్టూ రబ్బరు బీడింగుకీ, బానెట్ అంచుకీ టేపు వేసి కాగితం అంటించాం. చేతులకు తొడుగులు, పొడి పీల్చకుండా మూతికి గుడ్డ. పొడిని నీళ్ళలో పలచని పెరుగులా కలిపి, మెత్తటి తడిగుడ్డతో కొద్దికొద్ది మేర గుండ్రంగా, నొక్కకుండా రుద్దమన్నాను. ఎక్కడా ఆరనివ్వకూడదు. కొంత మేర అయ్యాక కడగడం, నీళ్ళు పోసి చూడటం. బొట్లు కడితే పూత ఇంకా ఉన్నట్టు. పలచటి పొరలా పరుచుకుంటే పోయినట్టు. బావ, బావమరిది చెరోవైపూ నిలబడి, మూలలు ఎవరు బాగా తీశారని గిల్లికజ్జాలు పడుతూ మధ్యాహ్నం దాకా రుద్దారు. నీళ్ళు పోసే పని మంగ తీసుకుంది.

చివర్న అద్దాన్ని స్పిరిట్ గుడ్డతో తుడిపించాను. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి బీడీలు కట్టిపెట్టమని, గాలాడేలా తలుపులన్నీ తెరిచి ఉంచమని ముందే చెప్పాను. వైపర్ రబ్బర్లకు పట్టిన పూత మళ్ళీ అద్దానికి అంటుతుంది, అందుకని వాటిని కొత్తవి వేయించాం. మంగ ఆఖరి చెంబు పైనుంచి వంచింది. నీళ్ళు అద్దమంతా ఒక్క పొరగా పరుచుకుని దిగాయి.

మంగ చెంబు కిందపెట్టి, "పోన్లెండి అన్నయ్యగారూ. వాడు పంపింది పోతే పోయింది, వాడు ఇంట్లోనే ఉన్నాడు కదండీ," అంది. అప్పుడు నవ్వింది. భోజనం చేయకుండా కదలనివ్వలేదు.

మర్నాడు నా సహోద్యోగి బండిని మొదట్నుంచీ పరీక్షించి ఎఫ్‌సీ ఇచ్చాడు. నేను ఆ చుట్టుపక్కలకు పోలేదు. ఆ వారం హెడ్మాస్టరు గారు వీర్రాజు బండిలోనే కాకినాడ వెళ్ళారు. వీర్రాజు ఆయన పక్కన కూర్చుంటే, బండి శ్రీను నడిపాడని తర్వాత విన్నాను.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్ళూ బండి తిరస్కరించాల్సి వస్తే, కాగితం రాసే ముందు యజమానిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి లోపం చూపించేవాణ్ణి. కొంచెం టైము పట్టేది గానీ, ఆ బండి సరిగ్గా బాగుపడి తిరిగొచ్చేది. ఏదైనా కొత్త సామాను బండికి తగిలించుకొస్తే, అది ఏమిటని అడిగి ఊరుకోకుండా, ఈ బండి ఏ రోడ్డు మీద ఎంత వేగంతో తిరుగుతుందని అడిగేవాణ్ణి.