దూకాడా, పడ్డాడా

కత్తెరమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. బస్టాండు పక్క సందులో ఒక కుట్టు మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు వేలాడే జిప్పుల కట్టలు. అదే ఆమె కొట్టు. లావైనవాళ్ళకు నడుము వదులు చేస్తూ, చిక్కినవాళ్ళకు బిగిస్తూ, "తినడం మీ వంతు, కుట్లు విప్పడం నా వంతు" అని నవ్విస్తూ ఇరవై ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చింది.

మొగుడు ఓడలో లాండ్రీ పని చేసేవాడు. కూతురికి రెండేళ్ళప్పుడు, ద్వీపాల మధ్య ఎక్కడో, పట్టపగలు కనిపించకుండా పోయాడు. దూకాడో పడ్డాడో తెలియదని కంపెనీవాళ్ళు రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నారు. కత్తెరమ్మకు మాత్రం తెలుసు. అంతకు మూడు రోజుల ముందు ఫోనులో మాటా మాటా పెరిగి, "నువ్వు రాకపోయినా ఇక్కడ ఎవరి కొంపా మునగదు" అనేసింది. అందుకే దూకాడు. నాన్న జ్వరంతో పోయాడని కూతురికి చెప్పి ఊరుకుంది.

ఆ కూతురే ఇప్పుడు, "అమ్మా, అందరం ఓడలో ద్వీపాలు చూసొద్దాం. టిక్కెట్లు కొనేశాను" అంది. వద్దంటే కారణం చెప్పాలి. కత్తెరమ్మ పెట్టె సర్దుకుంది.

ఓడ ఎక్కింది మొదలు, ఇరుకు నడవాలో తెల్ల యూనిఫాం వేసుకుని ఎవరు వెళ్తున్నా, వెనక నుంచి ఆయనే. అవే పెద్ద చెవులు, అదే వాలిన ఎడమ భుజం. గబగబా దాటి వెనక్కి తిరిగి చూస్తే ఎవరో కొత్త మొహం. తన జుట్టు నెరిసింది గానీ ఆయనకు ముప్ఫై దాటలేదు మరి. భోజనాల హాల్లో అల్లుడు, "అత్తయ్యా, మీరిలా కోడిపిల్లలా కెలికితే మీ వాటా కూడా నేనే లాగించాలి" అన్నాడు. నవ్వబోయింది. కిటికీ అవతల నీళ్ళు కనిపించి కంచం అల్లుడి వైపు జరిపేసింది.

మూడో రోజు మధ్యాహ్నం మనవరాలు గౌను మీద పళ్ళరసం ఒలకబోసుకుంది. మరక ఆరకముందే వదిలిద్దామని కత్తెరమ్మ కింది అంతస్తులో లాండ్రీకి వెళ్ళింది. బల్ల వెనకున్న పెద్దాయన గౌను అందుకోబోతూ, ఆమె గడ్డం మీది పుట్టుమచ్చ చూసి ఆగిపోయాడు.

"మీ ఫొటో మా గదిలో ఉండేదమ్మా. మీ ఆయన తన మంచం పక్క గోడకి అంటించుకున్నాడు. పై మంచం నాది."

కత్తెరమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "ఏ గది? ఈ ఓడలోనా?"

"రంగు మార్చారు, పేరు మార్చారు. ఓడ ఇదే."

"ఒక్కటి చెప్పన్నయ్యా. ఆయన దూకాడా?"

పెద్దాయన గౌను అందుకుని బల్ల మీద పరిచాడు. "లేదమ్మా. ఆ రోజు పైన తివాచీలు దులిపే వంతు నాది. నాకు కళ్ళు తిరుగుతుంటే తను వెళ్ళాడు. మూడో అంతస్తులో అంచు కమ్మీ ఊగుతోందని పొద్దున్నే నాకు చెప్పారు. తనకి చెప్పడం మర్చిపోయాను. ఆ తర్వాత ఉద్యోగం పోతుందని నోరెత్తలేదు."

ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావని గొంతు చించుకుని అరవాలనిపించింది.

"పద. చోటు చూపించు" అంది.

"అక్కడికి నేను మళ్ళీ వెళ్ళలేదమ్మా."

"నేనూ వెళ్ళలేదుగా. పద."

అక్కడ ఇప్పుడు కొత్త కమ్మీ, మెరిసే తెల్ల రంగు. పెద్దాయన వేలితో చూపించి తల దించుకున్నాడు. ఇద్దరూ నీళ్ళకేసి నిలబడ్డారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. అటు నుంచి పెద్దాయన గానీ, ఇటు నుంచి కత్తెరమ్మ గానీ ఒక్క అంగుళం జరగలేదు.

ఆ సాయంత్రం కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పేసింది. తను ఫోనులో అన్న మాటతో సహా.

"నాన్న పోయిన నీళ్ళ మీద నేను సరదాగా ఫొటోలు దిగుతుంటే చూస్తూ కూర్చున్నావా అమ్మా?" అని కూతురు విసురుగా లేచి వెళ్ళిపోయింది. మర్నాడు ద్వీపంలో దిగేదాకా పలకలేదు.

దిగాక, అల్లుడూ మనవరాలూ ఇసుక తవ్వుతుంటే, కూతురు వచ్చి పక్కన చతికిలబడింది. "నాన్న గొంతు ఎలా ఉండేది?" అంది.

కత్తెరమ్మ నోరు తెరిచింది. ఆ ఫోనులో ఆయనన్న ప్రతి మాటా గుర్తుంది. ఆ గొంతు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"పోయిందే అమ్మా" అంది చివరికి.

కూతురు పక్కనుంచి లేవలేదు. ఎదురుగా నీళ్ళ మీద తెల్లటి ఓడ వాళ్ళ కోసం ఆగి ఉంది. ఇంకా రెండు రోజులు అందులోనే ఉండాలి.