పక్కన ఉన్నాయండి

కొన్నేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నేను రాసినదే. చాలా చిన్నది. దాని సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

తిరువూరులో మాది ఒకప్పుడు పెద్ద కుటుంబం. ఇప్పుడు ఎరువుల కొట్టు మీద రెండు గదుల్లో అద్దెకుంటున్నాను. ఈ మాట రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎందుకంటే పోయినదాన్ని పోయిందని చెప్పే అలవాటు మాకు లేదు. దీపం ఆరితే కొండెక్కిందని అందరూ అంటారు. మావాళ్ళు అక్కడితో ఆగలేదు. మామిడితోట అమ్ముకున్నప్పుడు 'రెడ్డిగూడెం వాళ్ళ చేతుల్లో పెట్టాం' అన్నారు. తాకట్టులో పోయిన గాజుల గురించి నాయనమ్మ చివరిదాకా 'బ్యాంకులో పక్కన ఉన్నాయి' అనే చెప్పింది. అదేదో పరువనుకుని నేనూ నేర్చుకున్నాను.

విజయవాడలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. ఫోటో స్టూడియోలవాళ్ళు పెళ్ళి వీడియోలు దాచుకోవడానికి మా సాఫ్ట్‌వేర్ వాడతారు. అందులో ఒక ఏఐ ఏజెంట్ ఉంటుంది. స్టూడియో మనిషి తెలుగులో పని చెబితే, దానికి తగిన టూల్‌ని అంటే ఆ పని చేసే చిన్న ప్రోగ్రామ్‌ని, అదే ఎంచుకుని వాడుతుంది. ఏ టూల్ ఏం చేస్తుందో దానికి సొంతంగా తెలియదు. మేము రాసిన వివరణ చదివి నమ్ముతుంది. ఆ వివరణలు రాయడం నా పని.

ఫైళ్ళను పూర్తిగా చెరిపేసే టూల్ ఒకటుంది. దానికి నేను రాసిన వివరణ ఇది: 'పాత ఫైళ్ళను పక్కకు తీసి చోటు చేస్తుంది.'

మా టీమ్ లీడర్ శైలజ అది చదివి, ఏం పోతుందో, పోయింది తిరిగి వస్తుందో రాదో, వాడే ముందు మనిషిని అడగాలో వద్దో స్పష్టంగా రాయమంది. న్యాయమైన మాటే. కానీ వాళ్ళ నాన్న ఒకప్పుడు మా తోట కౌలుకు చేసినవాడు. ఆ పిల్ల నాకు తెలుగు దిద్దడమేమిటి అనిపించింది. మళ్ళీ ఒకసారి గుర్తుచేసింది. చూస్తానన్నాను. చూడలేదు. నిజంగా మర్యాద కోసమే ఆ మాటను అలా ఉంచానా? లేక ఆమె చెప్పింది కాబట్టే మార్చలేదా? రెండోదే.

బస్టాండ్ దగ్గర స్టూడియో నడిపే రహీం గారికి ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పించింది నేనే. ఒకరోజు ఆయన ఫోన్ చేసి, ఒక వీడియో కనిపించడం లేదన్నారు. సిస్టమ్ తెరిచి ఆయనకూ ఏజెంట్‌కూ జరిగిన సంభాషణ చూశాను. చోటు చాలడం లేదు, పాతవి కొంచెం పక్కకు పెట్టమని ఆయన చెప్పారు. అది నా వాక్యం చదివి, ఆ టూల్ వాడేసింది. ఎక్కడ పెట్టావని ఆయన అడిగితే, 'పక్కన ఉన్నాయండి' అంది. భద్రమేనా అంటే, 'భద్రంగానే ఉన్నాయండి' అంది. అబద్ధమాడుతున్నానని దానికి తెలియదు. ఆ మాటలు చదువుతుంటే, నా వెనక కుర్చీలో మా నాయనమ్మే నడుం నిటారుగా పెట్టుకుని కూర్చుని చెబుతున్నట్టనిపించింది. తిరిగి చూడలేకపోయాను.

ముందు వివరణ మార్చాను. 'ఫైళ్ళను శాశ్వతంగా చెరిపేస్తుంది. తిరిగి తేవడం కుదరదు. ఏవి పోతాయో మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే వాడాలి.' నిమిషం పట్టలేదు. ఆ తర్వాతే స్టూడియోకి వెళ్ళాను.

"రండి బాబు గారూ. మీ వాడు పక్కకు తీశానంటాడు గానీ ఎంత పక్కకో చెప్పడు," అని నవ్వారాయన.

"ఏ వీడియో అండీ?"

"మా మేనకోడలి పెళ్ళిది. అందులో మా ఆవిడ నన్ను తిడతది, బిర్యానీ దగ్గర. బతికున్నప్పుడు ఒక్క తిట్టూ చెవినేసుకోలేదు. ఇప్పుడు రోజూ పెట్టుకుని వింటున్నా. ఆమె గొంతు ఇంకెక్కడా లేదండి."

అప్పుడైనా చెప్పొచ్చు. నా నోటి వెంట వచ్చింది మాత్రం ఇది:

"పాతవి తీయమని మీరే చెప్పారు కదండీ. అది చెప్పిన పని చేసింది. ఇక రావు."

ఆయన కీబోర్డు వైపు చూశారు. "నేనే చెప్పానా," అన్నారు. మళ్ళీ తనే, "అవునులెండి. నేనే చెప్పా," అన్నారు. నాకు టీ తెప్పించారు. తాగాను.

ఆ సంభాషణను ఆయన ఈనాటికీ మూసేయలేదు. అందులో ఏజెంట్‌కి తెలిసింది ఇంకా నా పాత వాక్యమే, ఎందుకంటే వివరణలను అది సంభాషణ మొదలైనప్పుడే చదువుకుంటుంది. వీడియో రాదని తెలిసినా ఆయన అప్పుడప్పుడు ఏజెంట్‌ని అడుగుతూనే ఉన్నారు, ఉందా అని. ఉందండి అని అది చెబుతుంది. సిస్టమ్‌లో నాకు కనిపిస్తుంది. ఒక్కోసారి ఆయన ఏమీ అడగరు, భార్య పేరు మాత్రం రాస్తారు. దానికీ అది జవాబిస్తుంది. ఆ సంభాషణను నేను మూయించగలను. మూయిస్తే ఎందుకని అడుగుతారు. అందుకే మూయించలేదు.

రహీం గారి భార్య గొంతు చెరిగిపోవడానికి కారణం నేను. అది తెలిసీ తప్పు ఆయన నెత్తిన పెట్టాను. ఆయనకింకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. క్షమించమని అడగను. నేను చేసినదాన్ని దాని పేరుతో రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కొంచెం ఆడుతోంది.