బొల్లిపెట్ట కాలికి నా వైద్యం

ఒక కోడి ప్రాణం కాపాడబోయి, దాన్ని దాని సొంత కాళ్ల మీదే కత్తి దగ్గరికి నడిపించిన ఘనత నాది. అవునండీ, నడిపించాను. నా వైద్యానికి ముందు అది నడవలేకపోయేది.

రెండేళ్ల కిందటి మాట. అప్పటికి విశాఖపట్నం దాటి ఎరగను. మా ఇంట్లో టెలిఫోను ఉండేది. రిసీవరుని నేను చెవిజూకాలా తగిలించుకు తిరుగుతానని నాన్న విసుక్కునేవాడు. ఇక కోపమంటారా, పాలు పొంగడానికైనా కాస్త సెగ తగలాలి, నాకు అదీ అక్కర్లేదు. అలాంటి నన్ను వేసవి సెలవులకి చీపురుపల్లి పక్క పల్లెలో ఉన్న మేనత్త ఇంటికి పంపారు.

వెళ్లేసరికి పెరట్లో అత్త పెంచే తెల్లమచ్చల కోడి, బొల్లిపెట్ట, ఒంటికాలి మీద గెంతుతోంది. పట్టుకుని చూస్తే అరికాలు రేగుపండంత వాచి, మధ్యలో నల్లటి పెచ్చు కట్టింది.

"అత్తా, దీని కాలికేమైంది?"

"ముల్లు గుచ్చుకున్నాదే. దాని మానాన దాన్ని ఉండనీ."

"నీ కాలికి గుచ్చుకుంటే ఇలాగే ఉంటావా?"

"నా కాలూ దాని కాలూ ఒకటేటే గుంటా? మీ మావ వచ్చీలోగా అల్లరి సెయ్యకు!"

బుర్రున్న మనిషి ఎవరైనా ఆ చివరి మాట దగ్గర ఆగి ఆలోచిస్తారు. నేను ఉపన్యాసం అందుకున్నాను. మూగజీవాలు, పల్లెటూళ్ల నిర్దయ, మానవత్వం, ఒకటేమిటి! అత్త చేటలో బియ్యం చెరుగుతూ "రావుడా!" అని మాత్రం అంది.

చీపురుపల్లి పోస్టాఫీసుకి పరిగెత్తి, విశాఖలో నా స్నేహితురాలికి ట్రంకాల్ చేశాను. వాళ్ల నాన్న పశువుల డాక్టరు.

"ఎవరి కాలే?"

"కోడి కాలు!"

"వినబడ్డంలేదు!"

"కో...డి కా...లూ!"

స్టాంపు అంటిస్తున్నవాడి నాలుక బయటే ఉండిపోయింది. పోస్టుమాస్టరు కళ్లజోడు పైకెత్తి, "అమ్మా, ట్రంకాలంటే సావు కబురుకి సేస్తారు. కోడికేటి?" అన్నాడు.

"చావు కబురు కాకూడదనే చేస్తున్నాను!" అని కసిరాను.

డాక్టరుగారు వెనకనుంచి అరుస్తూంటే స్నేహితురాలు నాకు అందించింది. గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాలు నానబెట్టి, పెచ్చు మెత్తబడ్డాక తీసి, ముల్లు లాగి, పసుపు అద్ది, మెత్తటి గుడ్డ కట్టాలిట. ఎత్తుల మీంచి దూకనివ్వకూడదుట.

చెప్పినంత సులువా? మొదటి స్నానంలో కోడి కాలు తడవలేదు గానీ నాకు తలంటైపోయింది. ముక్కు మీద రెండు పోట్లు, చీరంతా పసుపు. అయినా వదల్లేదు. ముల్లు వచ్చేసింది. గడ్డి పరిచిన గంప కింద పెట్టి, రోజూ కట్టు మార్చాను. వారం తిరిగేసరికి వాపు పోయి, బొల్లి రాణీగారిలా పెరడంతా చుట్టొచ్చింది!

ఆ పూటే కోటబొమ్మాళి చుట్టాలింటి నుంచి మావ దిగాడు. ఎదురెళ్లి ప్రదర్శించాను.

"ఓలమ్మో! బొల్లి నడిసేస్తన్నాదే! నువ్వే బాగుసేసినావేటే?"

"మరెవరనుకున్నావు మావా?"

"మంచి పని సేసినావు. నాకు జొరమొచ్చినప్పుడు మీ అత్త దీన్ని అమ్మోరికి మొక్కినాది. కుంటిదాన్ని ఇవ్వకూడదని ఆగినాం. మంగళారం తీసుకెల్లిపోదాం!"

అత్త నన్ను వంటింట్లోకి ఈడ్చింది.

"రోజూ గుడ్డెట్టే పెట్టే! భయంలో మొక్కీసినాను. కాలు కుంటయితే బతికిపోయిందనుకున్నాను. నువ్వొచ్చి డాట్రీ సేసినావు!"

"ముందే చెప్పొచ్చుగా?"

"సెప్పనిచ్చినావేటే నువ్వు?"

మావతో మూడు పూటలా పోట్లాడాను. "మొక్కు మొక్కేనే" అన్నాడు.

మంగళవారం అమ్మవారి గుడి ముందు బొల్లిని దింపి, ఎదురుగా గింజలు చల్లారు. అది గింజ ముడితేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. డప్పులు ఆగాయి. బొల్లి గింజల్ని చూసింది. కత్తిని చూసింది. నేను బాగుచేసిన కాలు నేలకేసి తన్ని, డప్పులవాడి తలపాగా మీదుగా ఎగిరి, ఇంటి దారి పట్టింది!

"పట్టండర్రా!" అంటూ మావ పంచె ఎగ్గట్టి పరుగు.

"పరిగెత్తవే బొల్లీ!" అని నేను. అంతమందిలో సిగ్గన్నది లేకుండా అరిచాను.

పూజ చేసే ముసలమ్మ చెయ్యెత్తింది. "ఆగు నాయినా! గింజ ముట్టనేదు. అమ్మోరు ఒద్దన్నాది."

"ఔనౌను! గుమ్మడికాయ కొట్టీద్దాం!" అంది అత్త, ఎవరూ మాట్లాడేలోగా.

దారిలో నా చెవిలో గుసగుసలాడింది. "గింజెలా ముడతాదే? పొద్దున్నే దానికి కంఠం దాకా సోళ్ల గింజలెట్టీసినాను."

ఇంటికెళ్లేసరికి బొల్లి గంప మీదెక్కి కూర్చుంది. మావ అరుగు మీద ఆయాసపడుతూ, "ఏటి కాలే అది! గుర్రానికైనా ఉండదు!" అన్నాడు. డాక్టరుకి ఇంతకన్నా బిరుదేం కావాలి?

అయినా ఆ రోజే అత్త ఎదుట, ఇంకా పసుపు వదలని చేతులతో, ఒట్టేసుకున్నాను. ఎక్కడికి నడవబోతోందో కనుక్కోకుండా, ఈ జన్మలో ఇంకే కాలూ బాగుచెయ్యను.