ముద్ద ముద్దకూ రుచి చెప్పిన మా బావ

మా బావగారు సింగరాచార్యులు ఈ వైశాఖంలో ఆళ్లగడ్డలో పరమపదించారు. మధ్యాహ్నం మా అక్కతో కలిసి భోంచేసి, చెయ్యి కడుక్కుని అరుగు మీద గోడకు ఆనుకున్న మనిషి అట్లాగే పక్కకు ఒరిగిపోయారట. ఆ సాయంత్రం నేను పేపరు కొనడానికి నంద్యాల బస్టాండుకు పోయి ఉన్నాను. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన బస్సు దిగుతూ కండక్టరు నన్ను గుర్తుపట్టి, "హోటలు స్వామి పోయినాడు సార్, మీ బావే కదా" అన్నాడు. నాకు ఒక్క క్షణం ఆ మాట ఎవరి గురించో అర్థం కాలేదు. తిరిగి ఆళ్లగడ్డ పోయే ఆ బస్సులోనే ఎక్కి కూర్చున్నాను. టికెట్టు తీసుకున్నానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు.

ముప్పై ఏళ్లు దేవుడి వంట చేసిన మనిషికి చివరికి 'హోటలు స్వామి' అన్న పేరు ఎట్లా మిగిలిందో చెప్పడానికే ఈ వ్యాసం. ఆయన పనిచేసిన గుడి పేరు రాయను. ఆళ్లగడ్డకు దగ్గరలోనే ఉంది, తెలిసినవారికి తెలుసు. ఆ గుడి పెద్దలు ఇప్పుడు సంస్మరణ సంచిక వేస్తున్నారు. 'పాకయజ్ఞ దీక్షితుడు', 'దైవసేవా తత్పరుడు' అని కరపత్రం కూడా అచ్చు వేయించారు. మడపల్లి గడప మీద, అంటే దేవుడి వంటశాల వాకిట్లో, ఆయన పటం పెడతారట. పదకొండేళ్ల కిందట అదే గడప దాటించి ఆయనను బయటికి పంపిన చేతులే ఇప్పుడు మేకు కొడుతున్నాయి. నన్నూ రెండు పేజీలు రాసిమ్మన్నారు. వాళ్లకు ఇవ్వడానికి మనసు ఒప్పక, ఇక్కడ రాస్తున్నాను.

బావగారి పూర్వులు అహోబిలం నుంచి వచ్చినవారు. తాత, తండ్రి, ఆయన, ముగ్గురూ మడపల్లిలోనే పెరిగారు. ఆ వంటకు ఒక కఠిన నియమం ఉంది. నివేదన కాకముందు పదార్థాన్ని రుచి చూడటం మాట అటుంచి, వాసన కూడా పీల్చకూడదు. ముక్కూ నోరూ కప్పి గుడ్డ కట్టుకుని, తడి పంచెతో వండాలి. ఉప్పు, పులుపు, కారం, అన్నిటికీ అరచెయ్యే కొలత. ఒకసారి ధర్మకర్తగారింటికి వచ్చిన అతిథి ఎవరో పులిహోరలో ఉప్పు తగ్గిందన్నాడట. బావగారు వినయంగా, "స్వామి ఇంతవరకు ఆ మాట అనలేదండీ" అని గరిటె కడుక్కున్నారట. ప్రసాదం తినేటప్పుడు కూడా ఇది బాగుంది, అది బాగాలేదు అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. రుచి గురించి మాట్లాడటం ఆయన దృష్టిలో దేవుడి పనిలో వేలు పెట్టడమే.

అట్లాంటి మనిషి భార్య నాలుక మీద పుండు లేచింది. మా అక్క అలమేలమ్మకు పొగాకు వేసి వక్కాకు నమిలే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉండేది. ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది అది. మొదట చూసిన డాక్టరు పన్ను గీసుకుంటోందని ఒక పన్ను పీకాడు. మానకపోతే ఇంకో పన్ను పీకాడు. పళ్లు పోయాయి గాని పుండు పోలేదు. ఆ పళ్ల పుణ్యమా అని మూడు నెలలు వృథా అయ్యాయి. చివరికి కర్నూలు తీసుకుపోతే క్యాన్సరని తేల్చి, కరెంటు పెట్టాలన్నారు, అంటే రేడియేషన్. వారానికి అయిదు రోజులు, ఏడు వారాలు. బావగారు గుళ్లో తమ్ముడి వరసవాడిని పెట్టి, అక్కను తీసుకుని నంద్యాలలో మా అద్దె ఇంటికి వచ్చారు. పొద్దున ఆరు గంటల బస్సుకు కర్నూలు పోవడం, అక్కడి వరసలో కూర్చోవడం, ఎండ వాలే వేళకు తిరిగి రావడం. బస్సులో అక్క కిటికీ వైపు కూర్చుంటే, దుమ్ము నోట్లో పడకుండా ఆయన తన మడి ఉత్తరీయాన్ని తడిపి కిటికీకి కట్టేవారు. మైలపడుతుందని ఆ ఉత్తరీయం మీద మా పిల్లలను కూడా చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు ఒకప్పుడు.

మూడో వారానికి అక్క నోరంతా పుండైంది. ఎంగిలి ఊరడం ఆగిపోయింది. అంతకంటే వింతగా, రుచి పూర్తిగా పోయింది. బెల్లం పెట్టినా ఉప్పు పెట్టినా ఒకటే. "మన్ను తింటాన్నట్టుంది" అని కంచం దూరంగా నెట్టేది. వారం వారం తూకం తగ్గుతూ వచ్చింది. డాక్టరు కరెంటు ఆపేశాడు. తూకం పెరిగితేనే మళ్లీ మొదలుపెడతానని, ఎక్కువ రోజులు ఆగితే పెట్టినదంతా దండగైపోతుందని ఖరాకండిగా చెప్పాడు. అంటే అక్క తింటే బతుకుతుంది, తినకపోతే లేదు. వ్యవహారం అంత తేలికగా తేల్చి చెప్పారు.

బావగారు మా పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టుకున్నారు. ఏ నైవేద్యానికీ అంత శ్రద్ధ పెట్టి ఉండరు. జావలు, మెత్తటి పప్పు, నెయ్యి వేసిన పెసర కట్టు. అక్క ముందు పెడితే ఆమె చూపు కంచం మీద కాదు, ఆయన ముఖం మీద ఉండేది. "ఎట్లుంది, చెప్పండి" అనేది. ఆయన ఒక చెంచా నోట్లో వేసుకుని, "బాగుంది" అన్నారు. అక్కకు కోపం వచ్చింది. "బాగుందంటే నాకేం తెలుస్తాది? ఉప్పుందా, పులుపుందా? నోటికి ఎట్ల తగుల్తాందో చెప్పండి. అప్పుడు మింగుతా" అంది.

దేవుడికి ముప్పై ఏళ్లు వండిన ఆ చేతికి ఒక్క రుచికీ పేరు చెప్పడం రాలేదు. ఆయన తలవంచుకుని చాలాసేపు నమిలారు. పక్కనే కూర్చున్న నేను తెలుగు పండితుణ్ణి, షడ్రుచుల మీద అడిగితే గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలవాణ్ణి. నాకూ ఒక్క మాట తోచలేదు. మూడో చెంచాకు ఆయన మెల్లగా మొదలుపెట్టారు. "ముందర నెయ్యి తగుల్తాంది. నాలిక నడుమ పెసరపప్పు, కొంచెం తీపి. ఉప్పు ఎనక నుంచి వస్తాంది. జీలకర్ర ఒకటి పంటి కింద పడింది, ఇంగ దాని వాసనే." అక్క కళ్లు మూసుకుని వింది. విని మింగింది. ఇంకో చెంచా, ఇంకో నాలుగు మాటలు. ఆ పూట గిన్నె ఖాళీ అయ్యేసరికి గంట పట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి పూటా అదే తంతు. ఆయన ముందు తినడం, చెప్పడం, ఆమె ఆ మాటలతో కలిపి మింగడం. పది రోజుల్లో తూకం పెరిగింది, కరెంటు మళ్లీ మొదలైంది.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. బలం చాలడం లేదని, రోజూ పాలలో పచ్చి కోడిగుడ్డు కొట్టి పట్టమని డాక్టరు అన్నాడు. అక్క ఏడ్చింది. బావగారు తిరుగు ప్రయాణంలో బస్టాండు పక్క అంగట్లో గుడ్లు కొని, తుండు కొనకు మూట గట్టుకుని వచ్చారు. జంధ్యం, నుదుట తిరుమణి నామం, చేతిలో గుడ్ల మూట. నంద్యాల వీధిలో తలలు తిరగకుండా ఎందుకుంటాయి. పెరట్లో వేరే గిన్నెలో కలిపి అక్క చేతికిచ్చారు. ఆమె గ్లాసు పట్టుకుని ఆయన వైపే చూసింది. చెప్పకపోతే తాగదని ఆయనకు తెలుసు. గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగారు. "నీచు వాసన. గొంతులో జిగటగా జారుతాంది. అడుగున పాల తీపి ఉంది. నీకీ వాసన రాదు, నువ్వే నయం. తాగు" అన్నారు. అక్క తాగింది.

ఆ సాయంత్రం ఆయన సంధ్యావందనానికి కూర్చున్నారు. ఆచమనం నీళ్లు అరచేతిలో పోసుకుని, నోటి దగ్గరికి తెచ్చి, అట్లాగే ఆగిపోయారు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. మళ్లీ పోసుకున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎన్నో సారికి తాగారో లెక్కపెట్టలేదు, కాని తాగారు. మర్నాడు మళ్లీ గుడ్డు పాలు, మళ్లీ గుక్క, మళ్లీ మాటలు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. నాకు నిజంగానే కష్టంగా ఉండింది. నా ఇంట్లో, నా పెరట్లో గుడ్డు పెంకులు. నా భార్య ముఖం మాడ్చుకుని తిరిగేది. కరెంటు అయిదో వారంలో కోయిలకుంట్లలో బంధువుల పెళ్లికి పోయాను. పందిట్లో బావ గురించి అడిగితే మొత్తం చెప్పాను. ఆయన గుక్క తాగడం, ముఖం పెట్టిన తీరు, నీచు వాసన అన్న మాట, అన్నీ అభినయంతో సహా. బావ త్యాగం గురించి చెబుతున్నానని అప్పుడు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అబద్ధం. నా ఇల్లు మైలపడిందన్న కసి అందులో సగం పైగా ఉంది. విన్నవారు నవ్వారు. నవ్వినందుకు నాకు సంతోషం కూడా వేసింది. నాలుగు రోజుల్లో ఆ కథ గుడికి చేరింది.

కరెంటు లేని ఆదివారం నాడు బావగారిని పిలిపించారు. తోడు నేనూ పోయాను. పెద్దలు ఆయనను ఏమీ దూషించలేదు, అది ఒప్పుకోవాలి. ధర్మకర్తగారు దారి కూడా చూపించారు. "ఆమెకు ఇచ్చుకో స్వామీ, రోగానికి మందది. నువ్వు మాత్రం నోట పెట్టలేదని చెప్పు. పెట్టింటే ప్రాయశ్చిత్తం చేసుకుని, ఇంగ ముట్టనను. నీ పని నీకుంటాది" అన్నారు. బావగారు చేతులు కట్టుకుని నిలబడి చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "పెట్టలేదంటే అబద్ధం అయితాది. ఇంగ ముట్టనంటే ఆమె తాగదు. ఇంకా పది రోజుల కరెంటు ఉంది. మీరే చెప్పండి, ఏది చెప్పమంటారు?" ఆయన లోపలికి పోలేదు. మడపల్లి గడప బయటి నుంచే సాష్టాంగపడి, ముక్కుకు కట్టుకునే గుడ్డను మడిచి గడప మీద పెట్టి, "బస్సుకు పొద్దైతాంది" అని నాతో అన్నారు.

బస్సులో ఆయనే అన్నారు: "నువ్వు చెప్పింది నిజమే కదప్పా. నిజానికి నేనెందుకు కోపం చేసుకోవాల?" తిట్టి ఉంటే ఈ పదకొండేళ్లూ నేను కొంచెం సుఖంగా నిద్రపోయేవాణ్ణి.

కరెంటు పూర్తయింది. పుండు మానింది. మరుసటి ఏడు మెడలో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు, మళ్లీ నెలల తరబడి జావలు, మళ్లీ తూకాలు. ఒకసారి డాక్టరే ఆశ వదులుకోమన్నాడు. బావగారు సరేనని తలూపి, బయటికొచ్చి రాగులు కొన్నారు. అక్క బతికింది. ఆమె ఇప్పుడూ మన మధ్య ఉంది. రుచి మాత్రం తిరిగి రాలేదు. బావగారు ఆళ్లగడ్డ బస్టాండు పక్కన ఒక హోటల్లో వంటకు కుదిరారు. ఆయనను మడపల్లి నుంచి పంపేసిన పెద్దల ఇళ్లకు ఆ హోటలు పులిహోర పొట్లాలు వెళ్లడం నేను చూశాను. దేవుడి దగ్గర పనికిరాని చెయ్యి వాళ్ల నాలుకలకు పనికొచ్చింది. ఆయన పొద్దున పని ముగించి ఇంటికి పోయి, మధ్యాహ్నం మాత్రం అక్క పక్కనే కూర్చుని తినేవారు. పదకొండేళ్లు, ఒక్క పూట తప్పకుండా, ముద్ద ముద్దకూ చెప్పారు.

పదమూడో నాడు గుడి నుంచి పులిహోర ప్రసాదం పంపారు. వచ్చినవారంతా అమృతమన్నారు. అందరూ తిన్నాక అక్కను కూర్చోబెట్టి విస్తరి వేశారు. ఆమె ముద్ద కలిపి పట్టుకుని నోట పెట్టలేదు. బావ పోయిన రోజు తాను ఏం వండిందో నాతో చెప్పింది. చింతచిగురు పప్పు. ముదిరిందని, నార పంటికి తగులుతోందని, పులుపు మాత్రం కొత్తగా ఉందని బావ చెప్పారట. తాను తిన్న చివరి రుచి అదేనంది. నేను వెళ్లి ఆమె పక్కన, బావ కూర్చునే చోట కూర్చున్నాను. ఆ పులిహోర ఒక ముద్ద నోట్లో వేసుకున్నాను. నమిలాను. నా చదువంతా వెతికాను.

"బాగుందక్కా" అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. గొంతు పెంచలేదు.

"గుడ్డు పాల సంగతి కోయిలకుంట్లలో శానా బాగా చెప్పినావంట కదప్పా. ఇది చెప్పలేవా?"

ఆమెకు తెలుసని నాకు అంతవరకు తెలియదు. బావ చెప్పి ఉండరు. ఇన్నేళ్లూ తెలిసే నాకు కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చింది. ఆమె ముద్దను విస్తరిలో పెట్టేసి లేచింది.

బావా, మీ పాదాలకు ఇక్కడి నుంచే సాష్టాంగ నమస్కారం చేస్తున్నాను. మీరు లేని లోటు తీరనిదని ఆ సంచికలో అందరూ రాస్తారు. మీ లోటు ఎక్కడుందో వాళ్లకు తెలియదు. మా అక్క విస్తరి పక్కన ఉంది. అక్కడ నేను కూర్చుని చూశాను. ఆమె ఆ పూట తినలేదు.