ఎడమ పక్క బ్రేకు

నా చిన్నప్పుడు పెనుకొండలో మా ఇంటి ముందు ఒక ఇంగ్లాండు బండి ఉండేది. అక్కడ తయారై, ఎన్నో చేతులు మారి మా నాయన దగ్గరికి చేరిన పాత మోటారు సైకిలు. నాయన పల్లెల్లో పట్టుగూళ్ళు కొని హిందూపురం మార్కెట్టుకు వేసేవాడు. గూళ్ళు నలగకుండా బండి వెనక వెడల్పాటి ఇనుప క్యారియరు వెల్డింగు చేయించుకున్నాడు. ట్యాంకుకు ముదురాకుపచ్చ రంగు తానే వేశాడు. బెంగళూరు నుంచి మోజుపడి వచ్చినవాళ్ళు అమ్మమని బతిమాలితే, నన్ను చూపించి "మా పాపను అడుగప్పా" అని నవ్వేవాడు. ఒక్కో దెబ్బ విడివిడిగా వినిపించే దాని శబ్దం వీధి చివర మొదలవగానే అమ్మ కంచం కడిగేది.

ఆ కాలపు ఇంగ్లాండు బండ్లకు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. కొత్త బండ్లకు అంతా తలకిందులు. నాయన పుట్టి బుద్ధెరిగాక తోలింది ఆ ఒక్క బండినే.

ఒకరోజు హిందూపురంలో దాని క్లచ్చు పోయింది. అక్కడే పని చేసే మా చిన్నాయన, తన కొత్త బండి తాళం నాయన చేతిలో పెట్టి, "పొద్దు పోతాండాది, దీన్ని తీసుకుపోన్నా" అని పంపాడట. దారిలో ఒక మలుపు దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చింది. నాయన ఇంటికి రాలేదు.

గొర్రెలకాపరి మా ఇంటికి వచ్చి గడప దగ్గర కూలబడ్డాడు. "బండి గట్టిగా అరిచిందే గానీ నిలబడలేదమ్మా" అని ఏడ్చాడు. అందరూ విని ఊరుకున్నారు. అమ్మ మాత్రం ఆ మాట రెండోసారి చెప్పించుకుంది.

తమ్ముడి బండే అన్నను మింగిందని ఊళ్ళో అన్నారు. చిన్నాయన ఆ మాట నమ్మాడు. కర్మ అయ్యాక మా గడప తొక్కలేదు. తిండి మానేశాడు. "ఒగడు పాయె. రెండోవాడు కూడా నాకు దక్కేట్టు లేడు" అని మా అవ్వ గోడకు తల ఆనించి కూర్చునేది.

అమ్మ మెకానిక్కుకు కబురు పెట్టి పాత బండిని తెప్పించింది. తర్వాత చిన్నాయనను పిలిపించింది. ఆయన తలెత్తలేదు.

"దీన్ని తోలేవాడు కావల్ల నాకు. నేర్చుకో అబ్బా."

"నా చేత కాదొదినా. నన్ను ముట్టుకోమనొద్దు."

"నేను వెనక కూర్చుంటా పా."

కాయ పీకేసిన వేరుశనగ చేనులో, నేను గట్టు మీద నిలబడి చూస్తుండగా, ఆయన తోలాడు. బ్రేకు ఎడమ పక్క, గేరు కుడి పక్క అని అమ్మ వెనకనుంచి చెబుతూనే ఉంది. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. మూడు చుట్లు బాగానే తిరిగారు. నాలుగో చుట్టులో, గట్టు దగ్గరపడగానే, అమ్మ ఉన్నట్టుండి గట్టిగా అరిచింది.

"ఆపబ్బా!"

చిన్నాయన కుడికాలు గట్టిగా దిగింది. గేరు మారింది. బండి ఆగకుండా పోయి గట్టుకు తగిలి, మెత్తటి మట్టిలో పక్కకు ఒరిగింది. ఇద్దరూ కింద పడ్డారు. అమ్మ మోచేయి గీరుకుపోయింది.

"యాడ తొక్కినావు?" అంది అమ్మ, లేవకుండానే.

"బ్రేకనుకున్నా వదినా…"

"పొద్దున్నించి చెప్తాండా కదా, బ్రేకు ఎడమ పక్కని?"

"కాలు… దానంతట అదే పాయెనొదినా."

"మీ అన్న కాలూ అంతే. నువ్వు తాళమిచ్చినావు, ప్రేమతో. ఆయప్ప తొక్కినాడు, అలవాటుతో. ఇందులో చంపినోడు యాడుండాడు, చూపించు నాకు."

చిన్నాయన ఆ మట్టిలోనే బోర్లా పడి ఏడ్చాడు. ఆయన వీపు మీద చెయ్యి వేసి అమ్మ కూడా ఏడ్చింది. నాయన పోయాక ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆ పూట చిన్నాయన మా ఇంట్లో రెండు ముద్దలు తిన్నాడు.

అప్పుడు నాకు అమ్మ ధైర్యమే కనిపించింది. తక్కినది పెద్దయ్యాక అర్థమైంది. ఆ కాపరి మాట పట్టుకుని, నాయన పాదం ఎటు కదిలిందో, కింద ఏం తగిలిందో, ఆగకపోయేసరికి ఏమనుకుని ఉంటాడో ఆమె తెలుసుకుంది. చిన్నాయనను బతికించుకోవడానికి ఆ మలుపు దగ్గరికి మనసులో ఒంటరిగా ఎన్నిసార్లు పోయి వచ్చిందో, ప్రతిసారీ నాయన పడిపోవడం ఎలా చూసిందో నేను అడగలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళ గడప ముందు నిలబడ్డప్పుడు ఇప్పటికీ నాకు అదే గుర్తొస్తుంది. నోట్లో సిద్ధంగా ఉన్న ఓదార్పు మాట మింగేసి, వాళ్ళ పక్కన కింద కూర్చుంటాను.