ఇంటివాళ్ళ జాడీ

మా మేనత్త ఎవరింటికి వెళ్ళినా ముందు వంటింట్లోకి దూరుతుంది. ఇంటావిడ "కూర్చోండి" అనేలోపే అలమర వెనక వరసలో ఉన్న సీసా మూత తీసి వాసన చూస్తూ ఉంటుంది. ఇది అందరికీ నచ్చాలని రూలేమీ లేదు, చాలామందికి నచ్చలేదు కూడా. చీజ్ చేసే ఒకాయన ఆవిడని తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని కుర్చీ తుడిచి వేసి, గ్లాసు కడిగి పాలు పోసి ఇచ్చి, సంగతి తెలిశాక ఆ గ్లాసు వెనక్కి తీసేసుకున్నాడట. అయినా మూడో నెలకల్లా ఆయన చీజ్ మా షాపులో ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో అత్తయ్య అసలు పేరు ఎవరికీ తెలియదు. "మూతలావిడ వచ్చింది" అంటే చాలు, ఎవరో అర్థమైపోతుంది.

షాపు నాన్నదీ అత్తయ్యదీ. ఫ్యాక్టరీ సరుకు ఒక్కటి కూడా పెట్టరు. ఎక్కడో ఒక కుటుంబం ఇంటి వెనక షెడ్డులో చేసుకునే తేనె, వెన్న, చీజ్, జామ్, రొట్టె, వెనిగర్, ఇలాంటివే ఉంటాయి. నాన్న గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతాడు. ఆ ఇళ్ళు ఎక్కడున్నాయో వెతికి, బస్సులెక్కి, వీధులు పట్టుకుని తిరిగేది అత్తయ్య.

ఆవిడ పద్ధతి ఒకటే. "అమ్మేది ఎవరైనా బాగానే చేస్తారే. పరువు సంగతి కదా మరి. 'మీరు తినేది పెట్టండి' అని అడగాలి" అంటుంది. ఇలాంటి ఇళ్ళల్లో సాధారణంగా రెండు రకాలుంటాయి. చీటీ అతికించిన సీసాలు ముందుగదిలో ఉంటాయి. మూత అంచు విరిగిన జాడీ ఒకటి వంటింట్లో ఉంటుంది, అది ఇంటివాళ్ళది. రెండింటి రుచీ ఒకటే అయితే అక్కడికక్కడే సరుకు మాట్లాడుకుంటుంది. ఇంటివాళ్ళదే బాగుంటే, అదే అమ్మమని ప్రాణం తీస్తుంది. ఒక జామ్ ఇంట్లో పిల్లలు ఫ్యాక్టరీ జామ్ నాకుతూ కనబడితే, అత్తయ్య అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి వచ్చేసింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రుచి విషయంలో ఆవిడ నోట అబద్ధం రాదు. మొహమాటానికి కూడా రాదు. నేను మొదటిసారి కేకు చేసినప్పుడు ఇంటిల్లిపాదీ ఆహా ఓహో అన్నారు. అత్తయ్య ఒక ముక్క నమిలి, "ఇటుకకి చక్కెర పట్టించావు" అంది. నేను రెండు రోజులు మాట్లాడలేదు. కానీ తర్వాత చేసిన కేకు బాగుందని ఆవిడ అన్నప్పుడు, నిజంగానే బాగుందని నాకు తెలుసు. ఆ ఇళ్ళవాళ్ళు కూడా ఆవిడ మూతలు తీస్తే ఊరుకునేది అందుకే.

వెనిగర్ ఇంటికి అత్తయ్య మొదటిసారి వెళ్ళేటప్పటికి ఆవిడకి ముప్పై నిండలేదు. బస్సు ఆఖరి స్టాపులో దిగి ఏటవాలు దారిన పైకి నడవాలి. పైన పొడుగాటి షెడ్డు, అందులో వరసగా చెక్క పీపాలు. గుమ్మంలోనే పులుపు కళ్ళకి తగులుతుంది. అక్కడ ఉండేది ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు. కొడుకు తక్కువ మాట్లాడే మనిషి. పీపా మీద చెవి పెట్టి లోపల వెనిగర్ ఎంతవరకు వచ్చిందో చెప్పేవాడట. అత్తయ్య ఎప్పట్లాగే వంటింట్లోకి వెళ్ళి, చల్లటి మూలన ఉన్న జాడీ చూపించి, "అది పోయండి" అంది.

అది బేరిపళ్ళ రసం. వాళ్ళ దొడ్లో నాలుగు ముసలి చెట్లున్నాయి. ఆ కాయలు కొరికితే వగరుకి నోరు ముడుచుకుపోతుంది. పిండి, కొన్నాళ్ళు జాడీలో పులియనిస్తే మాత్రం వేరే వస్తువు అయిపోతుంది. అత్తయ్య గ్లాసు తాగి, ఏమీ మాట్లాడకుండా కూర్చుందట. మా అత్తయ్య మాట్లాడకుండా కూర్చోవడం ఎంత పెద్ద విషయమో మా ఇంట్లో వాళ్ళకే తెలుస్తుంది.

"ఇది మా షాపుకి ఇవ్వండి" అంది చివరికి.

"అది అమ్మేది కాదమ్మా. నాలుగు చెట్ల కాయ ఇంటివాళ్ళకే సరిపోదు. పైగా అది ప్రయాణానికి ఆగదు" అంది పెద్దావిడ. తర్వాత నవ్వి, "తాగాలనిపిస్తే నువ్వే రా" అంది.

అత్తయ్య వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. నాలుగైదుసార్లు అయ్యాక పెద్దావిడే మా షాపుకి వచ్చింది. నాన్న ఎదురుగా స్టూలు మీద కూర్చుని, తన కొడుక్కి మీ చెల్లెల్ని అడగడానికి వచ్చానంది. నాన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. అత్తయ్య మాత్రం, "షాపు కాస్త నిలదొక్కుకోనివ్వండి" అంది. ఆవిడకి ఇష్టం లేక కాదు. నాన్నకి అప్పట్లో తేనెకీ చక్కెర పాకానికీ తేడా తెలియదు, ఇప్పటికీ తెలియదు. తను వెళ్ళిపోతే షాపు మూత పడుతుందని ఆవిడ భయం. ఏడాది గడిచాక వాళ్ళు మళ్ళీ అడిగారు. అత్తయ్య మళ్ళీ అదే మాట చెప్పింది. ఆ పైన వాళ్ళు అడగలేదు. ఎవరు మాత్రం ఎన్నాళ్ళని అడుగుతారు?

పెద్దావిడ కొడుకు రొట్టెలు చేసేవాళ్ళ అమ్మాయిని చేసుకున్నాడు. అత్తయ్య ఆ పెళ్ళికి వెళ్ళింది, కడుపునిండా తిన్నది, పెళ్ళికూతురి తండ్రి దగ్గర రొట్టె సరుకు మాట్లాడుకుని మరీ వచ్చింది. పెళ్ళెలా జరిగిందని నాన్న అడిగితే, "రొట్టె బాగుంది" అని ఊరుకుంది.

ఆ తర్వాత ఒక ఏడు పెద్దావిడ మనసు కరిగి, "మీ అన్నయ్యకి రుచి చూపించు" అని ఒక సీసాలో రసం పోసి బిరడా బిగించి ఇచ్చింది. ఎండకి, బస్సు కుదుపులకి సగం దారిలో అది ఠాప్పున పేలింది. ముందు సీట్లో పెద్దమనిషి చొక్కా తడిసింది, బస్సంతా బేరిపళ్ళ వాసన. అత్తయ్య ఏడవడం మొదలుపెట్టిందట. గాజు గుచ్చుకుందేమోనని జనం కంగారుపడ్డారు. దెబ్బేమీ లేదని తేలాక కండక్టరు, "సీసాడు రసానికి ఇంత ఏడుపా అమ్మా?" అన్నాడట. స్టాపులో ఎదురు వెళ్ళిన నాన్నకి ఆ కండక్టరే ఇదంతా చెప్పాడు. నాన్న ఎన్నిసార్లో ఇది నవ్వుతాలకి చెప్పగా విన్నాను. పెద్దయ్యాక నాకు నవ్వు రావడం మానేసింది.

వెనిగర్ ఫోను చేసి చెబితే వచ్చేస్తుంది. అయినా ఏటా జాడీ మూత తీసే రోజులకి అత్తయ్య ఆ కొండెక్కేది. "ఎందుకత్తయ్యా?" అంటే, "సరుకు చూసుకోవద్దూ?" అనేది. అవే పీపాలు, అదే మనిషి, అదే వెనిగర్, కొత్తగా చూడ్డానికి ఏముంది? వెళ్ళినప్పుడల్లా, "ఈ ఏడన్నా ఆ రసం మా షాపుకిస్తారా?" అని అడిగేది. వాళ్ళు లేదనేవాళ్ళు. ఒక గ్లాసు తాగి తిరిగి వచ్చేది. వచ్చాక రెండు రోజులు మనిషి ఇంట్లో ఉన్నట్టే ఉండేది కాదు. పెద్దావిడ పోయాక కూడా ఇదే వరస. గ్లాసులో పోసేది కోడలు, అంతే తేడా.

పోయినేడు అత్తయ్య మోకాళ్ళు మొరాయించాయి. ఎత్తులు ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇక తిరిగే పని నాదని ఇంట్లో తేలింది. నన్ను అందరికీ పరిచయం చేయడానికి ఆవిడ చివరిసారి ఒక్కో ఇంటికీ వచ్చింది. వెనిగర్ ఇల్లు ఆఖరున పెట్టుకుంది. ఆ ఏటవాలు దారిలో అడుగడుక్కీ ఆగుతూ, ఆగినప్పుడల్లా చెట్లు చూస్తున్నట్టు నటిస్తూ ఎక్కింది. చెయ్యి ఇస్తానంటే, "నేనేమన్నా ముసల్దాన్నా?" అని కసిరింది.

వెనిగర్ ఆయన జుట్టు తెల్లబడింది. ఆయన భార్య మమ్మల్ని వంటింటి బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. అత్తయ్య ఇంకా ఏమీ అడగకముందే ఆయన లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. చీటీ లేదు, బిరడా కొత్తది.

"మీరు ఇన్నేళ్ళబట్టి అడుగుతున్నారు. అమ్మ ఉన్నప్పుడు కుదర్లేదు. నేను అంటు కట్టిన చెట్లు ఇప్పుడు కాపుకొచ్చాయి. వేణ్నీళ్ళలో సీసాలు ఉంచి పులుపు అక్కడే ఆగేలా చేశాను, దారిలో పేలదు. రెండేళ్ళు పట్టింది కుదరడానికి. ముందు మీ షాపుకే ఇస్తాను, ఆ తర్వాతే ఎవరికైనా" అన్నాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలనుకుంటా. ఆయన భార్య కూడా ఆశ్చర్యంగా చూసింది.

నేను తాగాను. తీపి ముందొచ్చి వెంటనే తప్పుకుంది. తర్వాత పులుపు, దాని వెనక తొక్క తాలూకు సన్నటి వగరు. నేను మనసులో అప్పుడే షాపులో ఏ అరలో పెట్టాలో సర్దేసుకుంటున్నాను. అత్తయ్య ఒక గుక్క తాగింది. జాడీలోది కూడా కొంచెం పోయించుకుని తాగింది. మళ్ళీ సీసాలోది తాగింది. గ్లాసు కింద పెట్టి చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"తీపి ఎక్కువైంది. మా షాపులో ఆడదు" అంది.

నేను నోరు తెరిచాను. బల్ల కింద ఆవిడ నా కాలు తొక్కింది. వెనిగర్ ఆయన తన గ్లాసులో పోసుకుని తాగి, కళ్ళు మూసుకున్నాడు. ఆయన నాలుక ఆయనకి ఒకటి చెబుతోంది, అత్తయ్య మాట ఇంకోటి చెబుతోంది. నాకు చూడబుద్ధి కాలేదు.

"ఉందేమో కాస్త తీపి" అన్నాడు చివరికి. "మీరు అన్నాక ఇంకేముంది? సరే, అమ్మొద్దులెండి. ఎప్పట్లాగే ఇంటికే ఉంచుకుంటాం."

ఆయన సీసా తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఆయన భార్య మాత్రం అత్తయ్యనే చూస్తోంది.

గేటు దాకా ఆవిడ మాతో వచ్చింది. నేను రెండడుగులు ముందున్నాను కానీ అంతా వినబడుతూనే ఉంది.

"అక్కయ్యా, రాత్రి నేనూ తాగాను. తీపి ఎక్కువ లేదు" అంది నెమ్మదిగా.

అత్తయ్య గేటు గడియ మీద చెయ్యి వేసింది.

"పని లేకపోయినా రండి. మోకాళ్ళు బాగుంటే ఏటా రండి. ఒక గ్లాసు ఎప్పుడూ ఉంటుంది మీకు." ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేదేమో.

బస్సులో కూర్చున్నాక నేను ఆగలేకపోయాను. "అబద్ధం చెప్పావు" అన్నాను.

"చెప్పాను."

"ఎందుకు? రెండేళ్ళు కష్టపడ్డాడు ఆయన. ఇన్నేళ్ళు అడిగింది నువ్వే కదా."

అత్తయ్య కిటికీలోంచి బయటకి చూస్తూ ఉంది. "అది సీసాలో మనింటికే వచ్చేస్తే, ఇక నేనక్కడికి ఎందుకు వెళ్ళాలే?" అంది. "ఏడాదికోసారి ఆ వంటింట్లో కూర్చోవాలి నేను. ఆయన ఎదురుగా కూర్చోవాలి. నాకు కావలసింది అంతే, ఇంకేం లేదు. అడగడానికి ఒక పని ఉండేది కాబట్టి వెళ్ళేదాన్ని."

ముప్పై ఏళ్ళుగా షాపు షాపు అని ఈ మనిషిని పట్టి ఉంచింది మేమే కదా అనిపించింది. "పోనీలే, ఆవిడ రమ్మంది కదా. నేను తీసుకెళ్తాను, మోకాళ్ళదేముంది, నెమ్మదిగా ఎక్కుదాం" అన్నాను.

"రమ్మంది కాబట్టే ఇక వెళ్ళలేను. ఆవిడకి తెలుసే. ఎప్పట్నించో తెలుసు. తెలిసి కూడా గ్లాసులో పోసింది ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

బస్సు దిగి ఇంటివైపు నడిచాం. మా వీధి మలుపులో నా చెయ్యి పట్టుకుంది, ఈసారి తనంతట తనే.

"వచ్చే నెల నువ్వెళ్ళి ఆ సీసాలన్నీ తీసుకో. మంచి అరలో పెట్టు, కళ్ళకి ఎదురుగా ఉండేలా. ఇంత మంచి రసం ఈ చుట్టుపక్కల లేదని చెప్పు ఆయనకి."

"మరి నువ్వన్న మాటో?"

"అత్తయ్యకి వయసైంది, నాలుక పోయిందని చెప్పు."

నేను మరుసటి నెల వెళ్ళి ఆ మాటే చెప్పాను. వెనిగర్ ఆయన భార్య తల వంచుకుని సీసాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుతూ ఉండిపోయింది. ఆయన నమ్మాడు. చేతిలో పని ఆపేసి, "అయ్యో, అంత మంచి నాలుక" అన్నాడు.